ఒకటో తరగతి ఎవరికి?

బడి తెరిచిన వారంలోనే ఒక ఫోన్ వచ్చింది. 2024 డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన అమ్మాయి, మా మండలంలోనే పక్క ఊరి బడిలో పనిచేస్తోంది. "మేడం, నాకు ఒకటో తరగతి వేసిండ్రు. నేను నాలుగు, ఐదు అడిగిన. కొత్తదానివి కదా, చిన్నపిల్లలతోని మొదలువెట్టు, తర్వాత పెద్ద క్లాసు ఇస్తం అన్నరు" అంది. గొంతులో బాధ తెలుస్తూనే ఉంది. ఓదార్పుగా ఏదైనా చెబుతానని ఆశపడి ఉంటుంది. నేను మాత్రం "అదృష్టవంతురాలివి" అన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ మాట మర్యాదకు అన్నది కాదు. 2002 డీఎస్సీతో ఈ ఉద్యోగంలోకి వచ్చాను. బడి తెరిచే ముందు రాత్రి నాకిప్పటికీ సరిగా నిద్ర పట్టదు. అట్టముక్కలు కత్తిరించి పిల్లల పేర్లు రాసుకుంటాను. చింతగింజలు కడిగి ఆరబెట్టి డబ్బాలో పోసుకుంటాను. గోడకు అంటించడానికి పాత క్యాలెండర్ కాగితాలు తీసిపెట్టుకుంటాను. రేపు గేటు దగ్గర ఎవరు ఏడుస్తారో, ఎవరు అమ్మ చెయ్యి విడిపించుకుని లోపలికి ఉరుకుతారో, ఎవరు పలకను నాకు చూపించకుండా వీపు వెనక దాచుకుంటారో అనుకుంటూ పడుకుంటాను. ఈ ఏడు కూడా అడిగి మరీ ఒకటో తరగతి తీసుకున్నాను.

నేను సంబరపడుతున్న పనే ఆ అమ్మాయికి శిక్షలా ఎందుకు అనిపించింది? తప్పు ఆమెది కాదు. ఆమెకు ఆ క్లాసు ఇచ్చిన తీరులోనే అది తక్కువ క్లాసు అన్న అర్థం ఉంది. పెద్ద క్లాసు అనుభవం వచ్చాక ఇస్తారట, చిన్న క్లాసుకు అనుభవం అక్కర్లేదట. నా అభిప్రాయం దీనికి పూర్తిగా తలకిందులు. బడిలో అందరికన్నా ఎక్కువ ఏళ్లు పనిచేసిన టీచర్, పిల్లలంటే అందరికన్నా ఎక్కువ ఇష్టమున్న టీచర్ ఎవరో చూసి మొదట వాళ్లకు ఒకటో తరగతి ఇవ్వాలి. మిగతా క్లాసులు ఆ తర్వాత పంచుకోవాలి.

ఆఖరున మిగిలే క్లాసు

మన బడుల్లో క్లాసులు ఎలా పంచుకుంటామో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. మొదట ఐదో తరగతి, ఆ తర్వాత నాలుగు. నాలుగో తరగతి పిల్లలు గురుకుల ప్రవేశ పరీక్ష రాస్తారు, ఐదో తరగతి పిల్లలు నవోదయ పరీక్ష రాస్తారు. సీటు వస్తే ఊరి నడిమధ్యలో ఫ్లెక్సీ కడతారు. పిల్లల ఫొటోలు, కింద టీచర్ల ఫొటోలు. సర్పంచ్ గారు శాలువా కప్పుతారు. ఆ కష్టం తక్కువదని అనను. ఒక తండా పిల్ల గురుకులంలో సీటు తెచ్చుకుంటే ఆ ఇంటి దారే మారిపోతుంది. కానీ ఆ పిల్ల అంతకు ముందు ఎప్పుడో ఒక డిసెంబరులో, ఒకటో తరగతిలో, ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఒక వాక్యం చదివిన రోజు ఉంది. ఆ రోజుకు ఫ్లెక్సీ ఉండదు. ఆ రోజు పక్కన ఉన్న టీచర్ ఎవరో ఊరికి గుర్తు కూడా ఉండదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. క్లాసులు మాత్రం ఐదు. ఒకరు ఒకటి, రెండు తీసుకుంటే ఇంకొకరు మూడు, నాలుగు, ఐదు తీసుకోవాలి. ఒకటి, రెండు ఒకే గదిలో కూర్చున్నప్పుడు టీచర్ చూపు సహజంగానే రెండో తరగతి మీద ఉంటుంది. అక్కడ పాఠం ఉంటుంది, నోట్‌బుక్ ఉంటుంది, రేపు ఎవరైనా తనిఖీకి వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఒకటో తరగతి పిల్లలకు "అ ఆ దిద్దుకోండి" అని చెప్పి పలక ఇచ్చేస్తే గంట గడిచిపోతుంది. నేను చూసిన బడుల్లో ఎక్కువ నష్టం జరిగేది ఆ గంటల్లోనే. కొట్టిందీ తిట్టిందీ ఉండదు కాబట్టి అది ఎవరి కంటా పడదు.

పదోన్నతి కూడా ఇలాగే ఉంది. ప్రాథమిక బడిలో చెప్పే ఎస్జీటీ టీచర్ స్కూల్ అసిస్టెంట్ అయితే హైస్కూల్‌కు వెళ్లిపోతారు. ఎల్ఎఫ్ఎల్ హెడ్మాస్టర్ పోస్టు ఒక్కటే మనిషిని ప్రాథమిక బడిలో నిలబెడుతుంది, అవి అందరికీ సరిపోయేన్ని లేవు. ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగేళ్ల స్కేళ్లు ఉన్నాయి కదా, పదోన్నతి లేకపోయినా జీతం పెరుగుతుంది కదా అని కొందరు అంటారు. నిజమే, నాకు కూడా పెరిగింది. కానీ పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో చుట్టాలు అడిగే ప్రశ్న జీతం గురించి కాదు. "ఇంకా చిన్నపిల్లలకేనా చెప్పేది?" అని అడుగుతారు. ఆ "ఇంకా" వినీ వినీ మంచి టీచర్లు చాలామంది చిన్నపిల్లల దగ్గర నుంచి పక్కకు జరిగిపోయారు.

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టులకు బీఈడీ అర్హత సరిపోదని తీర్పు ఇచ్చింది. 2018లో టీచర్ల అర్హతలు నిర్ణయించే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ బీఈడీ వాళ్లకు అవకాశమిస్తూ తెచ్చిన నోటిఫికేషన్ చెల్లదన్న రాజస్థాన్ హైకోర్టు మాటనే సమర్థించింది. ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్న బీఈడీ పిల్లలకు అది పెద్ద దెబ్బ, వాళ్ల బాధ నాకు తెలుసు. అయినా ఆ తీర్పులో మా పని గురించి ఒక గుర్తింపు ఉంది. చిన్నపిల్లలకు చదువు చెప్పడం వేరే విద్య, దానికి వేరే శిక్షణ కావాలి అని దేశంలోని పెద్ద కోర్టు చెప్పింది. స్టాఫ్ రూముల్లో మాత్రం ఆ మాట ఇంకా చెల్లుబాటు కాలేదు.

పేరు పిలిస్తే పలకని పిల్ల

ఒకటో తరగతిలో అనుభవం ఎందుకు కావాలి, అ ఆ లు ఎవరైనా చెప్పగలరు కదా అనేవాళ్లకు మొదటి వారం సంగతులు కొన్ని చెప్తాను.

హాజరుపట్టీలో ఉండేది ఆధార్ పేరు. ఇంట్లో ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఒక ఏడాది ఒక పాపను ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. నా ఎదురుగానే కూర్చుని నన్నే చూస్తోంది. పక్కన ఉన్న పిల్లాడు "మేడం, గా పిల్ల పేరు చిట్టి" అన్నాడు. ఆ పిల్లకు తన బడి పేరు అప్పటిదాకా తెలియదు. ఐదేళ్లు తనది అనుకున్న పేరును బడికొచ్చిన పొద్దునే తీసేసుకుంటే ఆ పిల్ల నా మాట ఎందుకు నమ్ముతుంది? అందుకే నేను రాసే పేరు కార్డుకు ఒకవైపు ఇంట్లో పిలిచే పేరు, రెండోవైపు బడి పేరు ఉంటాయి. దసరా సెలవుల నాటికి పిల్లలే కార్డు తిప్పి పెట్టుకుంటారు. చదవడం ఆ కార్డులతోనే మొదలవుతుంది. తన పేరులో ఉన్న "మ" ఎక్కడ కనిపించినా అది తనదే అంటుంది పిల్ల. పక్క పిల్ల పేరులో కూడా అదే ఉందని తెలిసిన రోజు పెద్ద గొడవ. ఆ గొడవ ఆపడానికి నేను తొందరపడను. వాళ్లు వాదించుకుంటున్నది అక్షరం గురించే కదా.

తండా నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగు వాళ్లకు బడి భాష. 2022-23 నుంచి మన తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం కూడా మొదలైంది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఆ బిడ్డ ముందు ఒకేసారి రెండు కొత్త భాషలు. పక్క బడిలో ఒక పిల్లాడు బాత్రూమ్‌కు పోతానని అడగడం తెలియక నిక్కరు తడుపుకుని, సిగ్గుతో వారం రోజులు బడికి రాలేదని ఒక సార్ చెప్పారు. నేను మొదటి నెలంతా అదే తండా నుంచి వచ్చే నాలుగో తరగతి పిల్లను రోజూ కాసేపు మా గదిలో కూర్చోబెట్టుకుంటాను. ఆమె పిల్లలతో వాళ్ల భాషలో మాట్లాడుతుంటే నేను వింటాను. మొదటి రోజు రాయిలా కూర్చున్న పిల్లాడు ఆమెతో గలగలా మాట్లాడుతుంటే, వీడికి మాటలు రావని రాసిపెట్టడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

గుణింతాల సంగతి మరీ ముఖ్యం. "క కా కి కీ" అని పాటలా చెప్పే పిల్లలను చూసి తల్లిదండ్రులు మురిసిపోతారు, తనిఖీకి వచ్చినవాళ్లు కూడా సంతోషపడతారు. బోర్డు మీద "కె" ఒక్కటే రాసి అడగండి. పిల్ల పెదాలు కదులుతాయి, చప్పుడు రాదు. మనసులో "క" దగ్గర మొదలుపెట్టి వరుసగా లెక్కపెట్టుకుంటూ వస్తుంది, "కె" దగ్గర ఆగి జవాబు చెబుతుంది. జవాబు సరైనదే. కానీ అది చదవడం కాదు. ఆ పెదాల కదలిక చూడ్డం వచ్చిన టీచర్ అక్కడే పట్టుకుంటుంది. చూడ్డం రాని టీచర్ "వెరీ గుడ్" అని ముందుకు వెళ్తుంది. ఆ పిల్ల మూడో తరగతికి వచ్చేసరికి ప్రతి పదానికీ అలా లెక్కపెట్టుకోలేక పుస్తకం మూసేస్తుంది.

గ్రామాల్లోని సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 23.4 శాతం అని, పల్లె పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక చెప్పింది. 2022లో ఇది 16.3 శాతం. కరోనా తర్వాత మెరుగుపడిందని సంతోషించాల్సిందే. మిగిలిన ముప్పావు వంతు కంటే ఎక్కువమంది పిల్లల గురించి మాట్లాడేటప్పుడు అందరూ మూడో తరగతి వైపు చూస్తారు. ఆ పిల్లల పెదాలు ఒకటో తరగతిలోనే కదిలాయి.

చేతుల సంగతి కూడా చెప్పాలి. ఇప్పటి పిల్లలు ఫోన్ మీద వేలు జరపడం బాగా నేర్చి వస్తున్నారు, పెన్సిల్ పట్టేసరికి మూడు గీతలకే వేళ్లు నొప్పి అంటున్నారు. వాళ్లకు ముందు రాత కాదు, మట్టి పిసకాలి, కాగితాలు చింపాలి, గింజలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేయాలి. తల్లిదండ్రులు కిటికీ దగ్గర నిలబడి "ఆడిపిస్తున్నరు గానీ రాయిస్తలేరు" అంటారు. ఆ మాటకు బెదిరిపోకుండా ఎందుకు ఆడిస్తున్నామో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. ఉద్యోగంలో చేరి ఏడాది కాని అమ్మాయికి అంత ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? తెల్లారి నుంచి ఆమె కూడా పలకల మీద అ ఆ లు దిద్దిస్తుంది.

నాకు పని నేర్పిన ఒక పెద్ద టీచర్ ఉండేవారు, రిటైరై చాలా కాలమైంది. ఆ రోజుల్లో మా బడిలో ఒక పాప ఎప్పుడూ పక్క పిల్ల పలకలోకి చూసి రాసేది. అందరూ కాపీ కొడుతోందని అనేవాళ్లు. ఆ టీచర్ బోర్డు మీద రాయడం ఆపి, తన పలక మీద రాసి ఆ పాప ఒళ్లో పెట్టారు. పాప చకచకా రాసేసింది. బోర్డు కనిపించడం లేదని ఆ పిల్లకే తెలియదు, అందరికీ లోకం అలాగే మసకగా ఉంటుందనుకుంది. పెద్దాసుపత్రికి పంపి అద్దాలు పెట్టించారు. ఇప్పుడైతే పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు ఆర్‌బీఎస్‌కే బృందం బడికే వచ్చి పరీక్షిస్తుంది. కానీ ఫలానా పిల్లను ప్రత్యేకంగా చూడండి అని వాళ్లకు చెప్పాల్సింది టీచరే.

టెన్నెసీ బడులు చెప్పింది

ఇవన్నీ నా అనుభవాలు. అనుభవం ఉన్నవాళ్లు అనుభవాన్నే గొప్పగా చెప్పుకుంటారని ఎవరైనా అనవచ్చు. అందుకే బయటి నుంచి ఒక సంగతి.

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో 1985 నుంచి 1989 వరకు స్టార్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. 79 బడులు, 11,500 మందికి పైగా పిల్లలు. ఏ పిల్లను ఏ క్లాసులో, ఏ టీచర్ దగ్గర వేయాలో చీటీ తీసినట్టు నిర్ణయించారు. అందువల్ల తెలివైన పిల్లలంతా మంచి టీచర్ దగ్గర చేరారు అనడానికి వీల్లేదు. ప్రయోగం మొదట పెట్టింది క్లాసులో పిల్లల సంఖ్య గురించి. చాలా ఏళ్ల తర్వాత రాజ్ చెట్టి, ఆయన తోటి ఆర్థికవేత్తలు ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఎంత సంపాదిస్తున్నారో పన్ను రికార్డులతో పోల్చి చూశారు. 2011లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం కిండర్‌గార్టెన్‌లో, అంటే అక్కడ ఒకటో తరగతికి ముందు ఏడాదిలో, పదేళ్లకు మించి అనుభవం ఉన్న టీచర్ దగ్గర చదివిన పిల్లలు 27 ఏళ్ల వయసులో సగటున ఎక్కువ సంపాదిస్తున్నారు.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఇంకో విషయం. మంచి కిండర్‌గార్టెన్ క్లాసులో చదివిన పిల్లల మార్కుల్లో కనిపించిన మేలు పై తరగతులకు వచ్చేసరికి దాదాపు మాయమైపోయింది. ఎనిమిదో తరగతిలో పరీక్ష పెట్టి చూస్తే ఏమీ లేదనుకుంటారు. పెద్దయ్యాక అది మళ్లీ బయటపడింది. ఆ మధ్యలో అది ఎక్కడ దాగింది? ఓపిగ్గా కూర్చోవడం, రాకపోతే మళ్లీ ప్రయత్నించడం, పదిమందితో కలిసి పనిచేయడం లాంటి వాటిలో దాగి ఉంటుందని వాళ్ల ఆలోచన. అది నిజమని మా గదిలో కూర్చున్నవాళ్లు ఎవరైనా చెబుతారు.

అక్కడి పరిస్థితి వేరని నాకు తెలుసు. అక్కడ ఒక టీచర్‌కు ఒకే క్లాసు, పిల్లలు 13 నుంచి 25 మంది లోపు. ఒకే గదిలో రెండు తరగతులు, మూడు భాషలు లేవు. పైగా అనుభవమే ఆ తేడా తెచ్చిందా, లేక అన్నేళ్లు ఆ పనిలో నిలిచినవాళ్లు మొదటి నుంచీ వేరే రకం మనుషులా అన్నది ఆ అధ్యయనం కూడా తేల్చలేదు. రెండోది నిజమైనా నా వాదనకు నష్టం లేదు. ఈ పనిలో ఇష్టంగా నిలిచినవాళ్లను ఆ పిల్లల దగ్గరే ఉంచమనే నేనూ అంటున్నది.

నాకే ఉన్న అనుమానాలు

ఈ వాదనకు ఎదురు చెప్పేవాళ్లు నా బడిలోనే ఉన్నారు, వాళ్ల మాటల్లో బలం ఉంది.

మొదటిది మోకాళ్లు. ఒకటో తరగతి టీచర్ రోజులో సగం కింద కూర్చోవాలి, లేవాలి, మళ్లీ కూర్చోవాలి. యాభై దాటినవాళ్లకు అది మాటలు కాదు. మా సహోద్యోగి ఒకామె "నాకు ఇష్టం లేక కాదు, లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోంది" అంది. చిన్న పీట, చక్రాల స్టూలు లాంటివి కొంత సాయం చేస్తాయి, అందరికీ చేయవు. అలాంటప్పుడు పెద్దావిడ, కొత్తగా వచ్చిన అమ్మాయి కలిసి ఆ క్లాసు చూసుకోవచ్చు. కొత్త టీచర్లకు డాన్స్ వస్తుంది, పాటలు వస్తాయి, ఫోన్‌లో వీడియో చేసి తల్లులకు పంపడం వస్తుంది. అవి చిన్న విషయాలు కావు. వాళ్లను ఒకటో తరగతికి దూరంగా ఉంచమని నేను అనను. ఒంటరిగా అందులోకి తోసేయొద్దు అంటున్నాను.

రెండోది ఇంకా లోతైన ప్రశ్న. టీచర్ సంబరం పిల్లలందరికీ సమానంగా అందుతుందా? అందదు. మొదటి రోజే "గుడ్ మార్నింగ్ మేడం" అని ఎదురొచ్చే పిల్ల, తల నున్నగా దువ్వుకుని వచ్చిన పిల్లాడు మన ఉత్సాహాన్ని ముందే లాగేసుకుంటారు. ముక్కు కారుతూ మూల కూర్చున్న పిల్లాడికి మిగిలేది తక్కువ. ఇది చెడ్డ టీచర్ల లక్షణం కాదు, మనుషులందరి లక్షణం. దీనికి నేను ఒక అలవాటు పెట్టుకున్నాను. మొదటి పదిహేను రోజులు సాయంత్రం ఇంటికెళ్లాక పట్టీ చూడకుండా పిల్లల పేర్లన్నీ కాగితం మీద రాస్తాను. ఎవరి పేరు ఆఖరున గుర్తొచ్చిందో, తెల్లారి ముందు ఆ పిల్ల పక్కన కూర్చుంటాను. ఆ వరుస రోజురోజుకూ మారితే క్లాసు బాగున్నట్టు. ఒకే పేరు ప్రతిరోజూ అడుగున ఉంటే ఆ పిల్లతో నాకు ఇంకా పరిచయం కాలేదన్నమాట.

మూడోది, ఇది ఆడవాళ్ల పని అన్న మాట. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక సార్ "చిన్నపిల్లలను మీరైతేనే మంచిగ చూసుకుంటరు మేడం" అన్నారు. పొగడ్తగానే అన్నారు, మంచి మనసుతోనే అన్నారు. కానీ దాని వల్ల ఆ సార్ చెప్పే బడిలో ఒకటో తరగతి ఎప్పుడూ అక్కడి మేడం మెడకే చుట్టుకుంటుంది, ఆమెకు ఇష్టం ఉన్నా లేకపోయినా. వంద ఏళ్ల క్రితం, 1920లో, గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టిన గిజుభాయి బధేకా వకీలు పని వదిలి చిన్నపిల్లల దగ్గరికి వచ్చిన మనిషి. అక్కడివాళ్లు ఆయన్ని మీసాలున్న అమ్మ అని పిలుచుకున్నారు. మా జిల్లాలో నేను చూసిన గొప్ప ఒకటో తరగతి టీచర్లలో ఇద్దరు మగవాళ్లే. వాళ్లలో ఒకరు కథ చెబుతుంటే పక్క గది పిల్లలు కూడా కిటికీల దగ్గరికి చేరేవాళ్లు.

నాలుగోది అసలు పిల్లలే లేరు కదా అన్నది. ఇది నన్ను బాధపెట్టేది. చాలా ఊళ్లలో మూడేళ్లకే ప్రైవేటు బడి బస్సు ఇంటి ముందు ఆగుతోంది. నర్సరీలో అక్కడ చేరిన బిడ్డ ఒకటో తరగతికి తిరిగి మన దగ్గరికి రావడం అరుదు. జూన్‌లో బడిబాట పేరుతో ఇంటింటికీ తిరుగుతాం, కరపత్రాలు పంచుతాం, సామూహిక అక్షరాభ్యాసం చేయిస్తాం. అన్నీ చేసినా కొన్ని బడుల్లో ఒకటో తరగతిలో చేరేది నలుగురో ఐదుగురో. నలుగురి కోసం బడిలో అందరికన్నా అనుభవమున్న టీచరా అని అడుగుతారు. నేను బడిబాటలో తిరిగినప్పుడు తల్లులు అడిగేది ఒక్కటే, "ఒకటో తరగతికి ఎవరు చెప్తరు?" అని. పేరు చెప్పగానే వాళ్ల ముఖంలో నమ్మకమో అనుమానమో కనిపిస్తుంది. ఒక రైతు నాతో "నారు పోసే పూట కొత్త జీతగానికి అప్పజెప్తమా మేడం, ఇంటి పెద్దనే మడి కాడ ఉండాలె" అన్నాడు. తరువాత తన మనవరాలిని మా బడిలో చేర్చాడు. 2025-26 నుంచి కొన్ని సర్కారు బడుల్లో ప్రీప్రైమరీ కూడా మొదలైంది. అది అందరికీ వస్తే మంచిదే. కానీ దాన్ని కూడా ఎవరూ కోరని క్లాసుగా మారిస్తే నలుగురు పిల్లలు ఇద్దరవుతారు.

అడగాల్సినవి

నా కోరికలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

క్లాసుల పంపకం బడి తెరిచే జూన్ పన్నెండున కాకుండా ఏప్రిల్‌లోనే జరగాలి. ఏప్రిల్ చివరి వారంలో ఒకటో తరగతి టీచర్ అంగన్‌వాడీకి వెళ్లి, రాబోయే పిల్లలతో ఒక పూట కూర్చోవాలి. అంగన్‌వాడీ టీచర్‌కు ఆ పిల్లల సంగతి మనకన్నా చాలా ఎక్కువ తెలుసు. ఎవరికి చెవి సరిగా వినపడదు, ఎవరి అమ్మ పత్తి ఏరడానికి వలస పోతుంది, ఏ పిల్ల చిన్న తమ్ముణ్ని కూడా వెంట తీసుకొస్తుంది, అన్నీ ఆమెకు తెలుసు. ఎన్నో బడుల్లో రెండూ ఒకే ఆవరణలో ఉన్నా ఆ మాటలు గోడ దాటి రావు.

ఒకటో తరగతి తీసుకున్న టీచర్‌నే అదే పిల్లలతో రెండో తరగతికి కూడా పంపాలి. ఇద్దరు టీచర్ల బడుల్లో ఇది ఎలాగూ జరుగుతుంది. నలుగురైదుగురు టీచర్లున్న చోట మాత్రం ఏటా మారుస్తున్నారు. పిల్ల పెదాల కదలిక అర్థం చేసుకోవడానికి ఒక ఏడాది పడుతుంది, ఆ తర్వాతే అసలు పని మొదలవుతుంది.

బడి తెరిచిన మొదటి మూడు నెలలు ఆ టీచర్‌ను గదిలోంచి కదిలించకూడదు. జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప టీచర్లను వేరే పనులకు వాడకూడదని విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ చెబుతుంది. అయినా పనులు వస్తూనే ఉంటాయి. 2024 నవంబరులో ఇంటింటి సర్వే జరిగినప్పుడు వెళ్లింది ఎక్కువగా ప్రాథమిక బడుల ఎస్జీటీలే, ఆ రోజుల్లో ప్రాథమిక బడులు మధ్యాహ్నం వరకే నడిచాయి. సర్వే అవసరమైనదే కావచ్చు. హైస్కూల్ పాఠం ఆగకూడదు, ఒకటో తరగతి పాఠం ఆగినా పర్వాలేదు అన్న లెక్క మాత్రం నేను ఒప్పుకోను. పదో తరగతి పిల్లాడు పుస్తకం చూసి చదువుకోగలడు. మా పిల్లలు మేం లేకపోతే గదిలోనే ఉండరు.

మా హెడ్మాస్టర్ సారు మొదటి రెండింటికీ ఒప్పుకున్నారు. వచ్చే ఏప్రిల్‌లో అంగన్‌వాడీకి నాతోపాటు ఇంకో టీచర్‌ను కూడా పంపుతానన్నారు, నేను బదిలీ అయినా పని ఆగకుండా. మూడోది ఆయన చేతుల్లో లేదు, దాని కోసం మా సంఘం వాళ్లను అడగాలి. ఫోన్ చేసిన అమ్మాయిని ఒక శనివారం మా బడికి రమ్మన్నాను. పేరు కార్డులు ఎలా వాడాలో చూపిస్తాను. వాళ్ల హెడ్మాస్టర్‌కు కూడా ఫోన్ చేసి మాట్లాడాను. ఆ బడిలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన మేడం ఒకరున్నారు, ఐదో తరగతి చూస్తున్నారు. రోజూ మొదటి గంట ఆమె ఒకటో తరగతిలో ఉండేలా టైమ్‌టేబుల్ మార్చవచ్చా అని అడిగాను. నవోదయ పరీక్ష అయిపోయాక చూద్దామన్నారు. ఆ పరీక్ష అయ్యేసరికి సగం ఏడాది గడిచిపోతుంది, ఇప్పుడే మార్చండి అని మళ్లీ అడగబోతున్నాను.